ఓనరు ఫోటో తప్పనిసరి

"ఫోటో ఎందుకు సారూ? మోటరు కాలిపోతే నా మొకం జూసి వస్తరా?" అన్నాడు బాలమల్లు.

మేడ్చల్ బస్ డిపో ఎదుట మోటార్లకు వైండింగ్ చేసే బాలమల్లు అడిగినదాంట్లో న్యాయం ఉంది. శ్రీనివాస్ మాత్రం నవ్వి కెమెరా ఎత్తాడు.

"మొకం జూస్తెనే నమ్మకం. జర ఇటు జూడు."

అది 2008. పొలాలున్న చోటల్లా కాలనీలు లేస్తున్నాయి. కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు కుళాయి కారినా, జాకెట్టు కుట్టించుకోవాలన్నా పక్కింటివాళ్లను అడిగే అలవాటు లేదు. నెట్‌లో వెతుకుతారు. నెట్‌లో కనపడని దుకాణం ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా వాళ్లకు కనపడదు.

ఈ సంగతి పసిగట్టి శ్రీనివాస్ మేడ్చల్‌లో నెట్ సెంటర్ పెట్టాడు. పెట్టి ఊరికే కూర్చోలేదు. బండి మీద అల్వాల్, యాప్రాల్, శామీర్‌పేట తిరిగి చిన్నాచితకా దుకాణాలన్నిటినీ నెట్‌లోకి ఎక్కించసాగాడు. దుకాణం పేరు, ఫోన్ నంబరు, వచ్చే దారి, ఓనరు ఫోటో. లేడీస్ టైలర్ల దగ్గరికైతే పనిగట్టుకుని వెళ్లేవాడు. పైసా తీసుకునేవాడు కాదు.

పైసా తీసుకోని మనిషిని అనుమానించడం మనకు అలవాటే కదా. ఎక్కడో దూరాన నలభై ఎకరాలున్న ఇంటి కొడుక్కి ఈ ఎండలో ఈ తిప్పలేమిటని జనం చెవులు కొరుక్కున్నారు.

అసలు సంగతి బాలమల్లు ఒక్కడికే చెప్పాడు శ్రీనివాస్, ఓ రోజు చాయ్ తాగుతూ. చెల్లెలు తృప్తి కనిపించకుండా పోయి ఆరేళ్లు. రెండేళ్ల కిందట ఎవరో శామీర్‌పేట బస్సులో చూశామన్నారు. కుట్టుపనిలో దాని చేతికి సాటి లేదు. ఎక్కడున్నా మిషను తొక్కే బతుకుతుంది. ఏదో ఒక దుకాణం ఫోటోలో దొరక్కపోదు.

"పోలీసులకు చెప్పకపోయిండ్రా?"

"వాళ్లతోని అయ్యే పని గాదన్నా."

పదేళ్లు సర్పంచ్‌గా చేసిన నాయిన ఆనాటి నుంచి గడప దాటలేదట. ఎవరి పెళ్లికీ పోడు, నలుగురిలో కూర్చోడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "దొరికిందా?" ఆ గొంతు విన్న రోజు శ్రీనివాస్‌కు అన్నం సహించేది కాదు.

బాలమల్లు కళ్లు తుడుచుకున్నాడు. "గిసొంటి అన్న ఎవ్వలకుంటడు సారూ," అన్నాడు. అప్పటినుంచి ఫోటోకు పేచీ పెట్టిన దుకాణందార్లకు తనే నచ్చజెప్పేవాడు.

ఏడాదిన్నరలో ఆరు వందల దుకాణాలయ్యాయి. తృప్తి మాత్రం దొరకలేదు.

ఓ మధ్యాహ్నం శామీర్‌పేట నుంచి విజయమ్మ వచ్చింది. ఆమెది గాజుల దుకాణం. నెట్‌లో ఎక్కాక పెళ్లి బేరాలు తగులుతున్నాయి కాబట్టి శ్రీనివాస్ అంటే దేవుడితో సమానం. సంచిలోంచి ఓ కాగితం తీసింది.

"మా పక్క దుకాణం పిల్లది గూడ ఎక్కియ్యాలె సారూ. వర్ష అంటరు. జాకిట్లు గుడితే ఒంటికి అతికినట్టుంటయ్. లోపటి గల్లీల ఉన్నది, గిరాకి రాదు."

"ఆమె రాలేదేందమ్మా?"

"యాడికీ రాదు, శాన సిగ్గు. మొగుడు లేడు పాపం, లారీ గుద్ది సచ్చిపోయిండంట. అప్పుడు కడుపుల ఉన్న పోరి గిప్పుడు బడికి పోతాంది. నేనొచ్చినట్టు గూడ ఆమెకు చెప్పలే. గిరాకొచ్చినంక చెప్త, ఖుషైతది."

శ్రీనివాస్ కాగితం అందుకుని దుకాణం పేరు చూశాడు. దుర్గాబాయి లేడీస్ టైలర్.

దుర్గాబాయి అంటే శ్రీనివాస్ వాళ్ల అవ్వ. తృప్తిని పక్కన కూర్చోబెట్టుకుని మిషను నేర్పింది ఆవిడే. పోయినవాళ్ల పేరు ఇంట్లో ఎవరికో ఒకరికి పెట్టుకోవడం వాళ్ల ఆనవాయితీ. ఊరు మార్చుకుంది, పేరు మార్చుకుంది, అవ్వ పేరు మాత్రం వదులుకోలేకపోయింది పిచ్చిది.

"ఫోటో?" అన్నాడు.

"ఫోటో అంటే పారిపోతది. మీరేమో తప్పనిసరి అంటిరి. అందుకే బతుకమ్మ నాడు తీసింది తెచ్చిన."

పది మంది ఆడవాళ్లు. చివరన, మొహం సగం పక్కకు తిప్పుకుని తృప్తి. బాగా చిక్కిపోయింది. కొంగు పట్టుకుని ఓ చిన్నపిల్ల, అచ్చం అవ్వ ముక్కు. శ్రీనివాస్‌కు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏమైంది సారూ?"

"ఏం లేదమ్మా. రేపే వచ్చి దుకాణం జూస్త. ఆమె ఎప్పుడు దొరుకుతది?"

"పొద్దుగాల ఎనిమిదింటికి పోరిని తోల్కొని పెద్దరోడ్డు దాటి బడికి పోతది. ఇగ దినమంత దుకాణంలనే."

విజయమ్మ పది దండాలు పెట్టి బస్సుకు పోయింది. ఆమె గడప దిగగానే శ్రీనివాస్ ఇంటికి ఫోన్ కలిపాడు.

"దొరికింది నాయినా."

అవతల ఏడుపు వినిపించింది. ఇన్నేళ్లుగా ఎవరి ముందూ కంట తడిపెట్టని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"పెద్దోన్ని తోలియ్యాల్నా?" అని అడిగాడు చివరికి.

"వద్దు నాయినా," కళ్లు తుడుచుకున్నాడు శ్రీనివాస్. "పోయినసారి అన్న లారీ తోలి దాని మొగన్నొక్కన్నే గుద్దిండు, ఈసారి నేనే తోల్త."