అతిథి సింహాసనం

ఇంటింటా కుర్చీలను యంత్రంతో పొరలుపొరలుగా అచ్చు వేసుకుంటున్న ఆ మహత్తర యుగంలో, ఏ పొర ఎంత మెత్తగా, ఎంత గట్టిగా ఉండాలో యంత్రానికి నిర్దేశించే విద్యలో కోదండపాణిగారు సాక్షాత్తూ చక్రవర్తి. ఆయన దిగ్విజయాలకు తలమానికం 'అతిథి కుర్చీ'. చేత్తో నొక్కితే వెన్నలా ఉంటుంది. లోలోపలికి పోయేకొద్దీ బిగుసుకుంటూ, కూర్చున్నవారి ఎముకలకు రాయిలా తగులుతుంది. ఎంతటి మొండి చుట్టమైనా రెండో కాఫీకి ముందే సెలవు తీసుకోవలసిందే.

ఆ రూపకల్పనను ఆయన బాల్యమిత్రుడు గవర్రాజుకు కానుకగా ఇచ్చారు. దానిమీద మెలికలు తిరిగిన చుట్టాలను తలుచుకుని ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవారు.

ఆ సాయంత్రం అలవాటు ప్రకారం చదరంగానికి గవర్రాజు ఇంటికి వెళ్లిన కోదండపాణిగారికి తాను ఎప్పుడూ కూర్చునే పాత కుర్చీ కనబడలేదు.

"నీకోసమే కొత్తది వేయించానురా, కూర్చో," అన్నాడు గవర్రాజు.

కుర్చీ మెత్తగా స్వాగతం పలికింది. గుర్రం కదిలేసరికి నడుము కింద ఏదో బిగిసింది. ఏనుగు కదిలేసరికి సందేహం తీరిపోయింది. ప్రతి పొరా తాను నిర్ణయించినదే.

"ఏరా, అప్పుడే అలా కదులుతున్నావు? ఇంటి దగ్గర పనేమైనా ఉందా?" గవర్రాజు చూపు పావుల మీదే ఉంది.

"పనేం లేదురా." కోదండపాణిగారు ఇంకాస్త వెనక్కి జారగిలబడి, వంటింటి వైపు కేకేశారు. "చెల్లెమ్మా, ఇవాళ రెండో కాఫీ కూడా తాగే వెళ్తాను!"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గవర్రాజు తలెత్తలేదు.