గీత రాని కాగితం

మూడోసారీ కాగితం మీద గీత రాలేదు. కణానికి ఎముకల్లాంటి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను, దాన్నే సూదులతో ఎక్కించిన కుందేలు రక్తంలో పుట్టే యాంటీబాడీ పట్టుకుని గీతగా చూపించాలి.

“నా చేతిలోనే ఏదో లోపముంది. పీహెచ్‌డీ మానేసి ఇంటికి పోతాను,” అంటూ లీలావతి దాన్ని నలిపి చెత్తబుట్టలో పారేసింది.

ల్యాబు కుందేళ్ళకు మేత వేస్తున్న పనివాడు సమూయేలు చెయ్యి ఆగిపోయింది.

“మీ సేతిలో ఏటీ లేదమ్మా. మీరు సూదులేసిన కుందేలు డిసెంబర్లోనే సచ్చిపోనాది. ఉజ్జోగం పోద్దని బయపడి, ఝపటాపూర్ బజార్లో అలాటిదే తెచ్చి బోనులో ఎట్టినాను. సూదులెయ్యని దాని నెత్తుట్లో ఏటుంటాది?”

లీలావతి చెత్తబుట్టలోంచి కాగితం తీసి, ముడతలు సరిచేసి, నోటుబుక్కులో అంటించింది.

మూడు నెలలుగా ఆ ల్యాబులో నిజం చెబుతున్నది అదొక్కటే. తనే వినలేదు.