మూడో గది

ఇంట్లో ఎవరో ఉన్నారు.

అతను ల్యాప్‌టాప్ మీదికి ఇంకాస్త వంగాడు. ఆ ఇంటి రూటరును తన చేతులతో బిగించినవాడు అతనే. ఇల్లంతటికీ ఒకే నెట్‌వర్కు ఉంటే గజిబిజి అని, దాన్ని గదుల్లా సబ్‌నెట్‌లుగా విడదీశాడు. ఒకటి ఆమె ఫోనుకూ కంప్యూటరుకూ. ఒకటి టీవీకీ, గుమ్మం పైన కెమెరాకూ. మూడోది తనకు, ఎంత దూరాన ఉన్నా లోపలికి రావడానికి. ఏ వస్తువుకు ఏ అడ్రసు ఇచ్చాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

ఇప్పుడు ఆమె గదిలో అతను ఇవ్వని అడ్రసు ఒకటి కనిపిస్తోంది. ఎవరిదో ల్యాప్‌టాప్. పొద్దుటి నుంచీ ఉంది.

“ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?” అంది అక్క, ఆరిన బట్టలు మడతపెడుతూ. కొన్నాళ్ళుగా అతనుంటున్నది ఆవిడ దగ్గరే.

“ఒకళ్ళ నెట్‌వర్కులో దొంగ దూరాడక్కా.”

“ఆ ఇంటివాళ్ళకి ఓ మాట చెప్పెయ్, సరిపోతుంది.”

“చెప్తే జాగ్రత్తపడిపోతారు.”

“అదేం విడ్డూరంరా! అయినా ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.”

“నేను పడతా చూడు.”

ఆ అడ్రసును ఆపేశాడు. కాసేపటికి అదే ల్యాప్‌టాప్ టీవీ గదిలో తేలింది. అంటే ఆ పాస్‌వర్డూ తెలుసన్నమాట. ఆమే చెప్పి ఉండాలి. అక్కడా ఆపాడు. మళ్ళీ మొదటి గదిలోకే వచ్చింది, ఇంకో అడ్రసుతో. ఎవడోగానీ పని తెలిసినవాడే.

గుమ్మం కెమెరా తెరిచాడు. మెట్ల పక్కన మగవాళ్ళ చెప్పులు. నల్లవి, మడమల దగ్గర అరిగినవి. తనవి కావు.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పెళ్ళయిన కొత్తలో మొదటి రింగు పూర్తి కాకుండానే ఎత్తేది. మళ్ళీ చేశాడు. ఆమె ఇంకొకరిదైపోతోందన్న ఆలోచన వదలడం లేదు.

ఈసారి ఎత్తింది.

“ఊఁ, చెప్పు.” స్పీకరులో పెట్టినట్టుంది, గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తోంది.

“ఇంట్లో ఎవరున్నారు?”

“ఎవరూ లేరే.”

“నా దగ్గరా నాటకాలు? పొద్దుటి నుంచీ నీ నెట్‌వర్కు పట్టుకు వేలాడుతున్న ఆ ల్యాప్‌టాప్ ఎవడిది? గుమ్మంలో ఆ నల్లచెప్పులు ఎవడివి?”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఆమె మాట్లాడింది. అతనితో కాదు.

“విన్నారుగా టెక్నీషియన్‌గారూ, విడాకులప్పుడు ఇంటి తాళాలన్నీ తిరిగిచ్చేసిన మనిషి నెట్‌లో ఈ ఒక్క తలుపు మాత్రం తనకే ఉంచుకున్నాడు, మూసెయ్యండి.”