మెదడుకెక్కిన పాఠం

“దుర్గాబాయి మేడమ్, కొత్త పద్ధతి మీతోటి కాదు. ఇగ సోమవారం నుంచి మీరు బడికి రావద్దు,” అన్నాడు పరమేష్ సార్.

దూలపల్లిలోని ఆ ప్రైవేటు బడి ఆయన సొంతం. అందులో మాట కూడా ఆయన సొంతమే. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్లకు పంపించి, టీచర్లందరినీ పదో తరగతి గదిలో కూర్చోబెట్టాడు. కరెంటు కోత వేళ. ఫ్యాన్లు తిరగడం లేదు. ఆయన పక్కన, నగరం నుంచి వచ్చిన శిక్షకుడు సుధాకర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లల మెదడు ఏ దారిన నేర్చుకుంటుందో ఆ దారినే చదువు చెప్పడం ఎలాగో టీచర్లకు నేర్పడం అతని పని. పక్కనే ఉన్న కొంపల్లి విల్లాల పిల్లలు పెద్ద పెద్ద బళ్లకు పోతున్నారన్న మంటతో పరమేష్ సార్ అతణ్ని పిలిపించాడు.

దుర్గాబాయి రెండో తరగతి టీచరు. ఆ మాటకు ఆమె ముఖాన నెత్తురు చుక్క లేదు.

“నేనేం తప్పు జేసిన సార్?”

“మీరింకా ఎక్కాలు బట్టీ పట్టిస్తున్రు. కట్టె పట్టుకొని తిరుగుతున్రు. గదంతా పాత కాలం.”

“ఆ కట్టె మీరే ఇప్పించిన్రు గద సార్.”

పరమేష్ సార్ ఆ ముక్క చెవిన వేసుకోలేదు. పెద్దవాళ్లకు ఏ మాట వినాలో, ఏ మాట వినకూడదో బాగా తెలుసు.

“నేర్చుకుంట సార్. ఎట్ల చెప్పమంటే అట్ల చెప్త,” దుర్గాబాయి చేతులు జోడించింది. “నా బిడ్డ శృతి గీ బళ్లెనే ఏడో తరగతి చదువుతాంది. నేను లేకుంటే దాన్ని గీడ ఉంచుతరా?”

టీచర్ల పిల్లలకు ఆ బళ్లో ఫీజు లేదు. అంత తక్కువ జీతానికి ఆమె అక్కడ పడి ఉండటానికి అదొక్కటే కారణం. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

“ఉంచం. ఫీజు గడితే ఉంచుతం,” అన్నాడాయన.

ఆమె బెంచీ అంచు పట్టుకుని ఏడ్చేసింది. ఇంతమంది ముందు ఏడవాల్సి రావడం ఎంత నామోషీ. అయినా ఒక్కరు తలెత్తితే ఒట్టు. ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంకొకామె సెల్‌ఫోన్‌లో రాని మెసేజీ చదువుకుంటోంది. మనుషులింతే, పక్కింట్లో నిప్పంటుకుంటే తమ గడప తడుపుకుంటారు.

వెనక బెంచీలోంచి సైన్సు టీచరు సనా లేచింది.

“ఇది న్యాయం కాదు సార్. మే నెల ఎండల దుర్గక్క ఊరూరు తిరిగి అడ్మిషన్లు తెచ్చింది. పిల్లలు దొరికినంక ఆమె పద్ధతి పాతదయిందా? అక్కను తీసేస్తే మేమెవ్వరం క్లాసులకు పోం.”

సుధాకర్ చప్పట్లు కొట్టాడు.

“ఇక చాలు. కూర్చోండమ్మా, ఇద్దరూ కూర్చోండి. దుర్గాబాయి గారి ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఇదంతా పాఠంలో భాగమే.”

అందరూ గుడ్లప్పగించి చూశారు.

“ఇందాక గంటసేపు బోర్డు మీద మెదడు బొమ్మ గీసి చెప్పాను. అందులో ఒక్క భాగం పేరు చెప్పండి చూద్దాం.”

ఎవరికీ గుర్తు లేదు.

“మరి ఇప్పుడు జరిగింది? చచ్చేదాకా మరిచిపోరు. మనసు కదిలితేనే మెదడు దాచుకుంటుంది. చెవిన పడింది పోతుంది, అనుభవించింది నిలుస్తుంది. మీరూ పిల్లలకు అలాగే చెప్పాలి.”

దుర్గాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. “ఎంత పరేషాన్ జేసిన్రు సార్. పాణం పోయినంత పనయింది.” దాంతో గదంతా గొల్లుమంది. ఇందాక తలెత్తనివాళ్లే అందరికంటే గట్టిగా నవ్వారు.

బడి ఆయా బాలనర్సమ్మ చాయ్, సమోసాలు తెచ్చింది. దుర్గాబాయి వెళ్లి సనా పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

“గింతమందిల నువ్వొక్కదానివే లేచినవ్ బిడ్డా. నీ మేలు ఈ జన్మల మర్చిపోను.”

“గదేంది అక్కా, నా జాగల నువ్వుంటే లేవవా?” అంది సనా.

పరమేష్ సార్ సమోసా తిని, చేతులు తుడుచుకున్నాడు.

“సనా మేడమ్, మీ సర్టిఫికెట్లు ఆఫీసుల ఉన్నయి. తీస్కొని పోండి. సోమవారం నుంచి రావద్దు.”

మళ్లీ గొల్లుమన్నారు. సనా కూడా నవ్వింది. “ఇది గూడ పాఠమేనా సార్?”

“పాఠం అయిపోయింది. ఇయ్యాల ఆమె కోసం లేచినవ్. రేపు జీతాల కోసం అందర్ని లేపుతవ్. అసొంటోళ్లు నాకొద్దు.”

సుధాకర్ ఇప్పుడు చప్పట్లు కొడతాడని అందరూ అతని వైపు చూశారు. అతను తాపీగా మార్కర్లకు మూతలు పెట్టుకుంటున్నాడు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది.

సనా దుర్గాబాయి వైపు తిరిగింది. “అక్కా,” అంది మెల్లగా.

దుర్గాబాయి పెదవి విప్పబోయి, పరమేష్ సార్ తనవైపే చూస్తుండటం గమనించింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఖాళీ అయిపోయిన చాయ్ గ్లాసును ఎత్తి తాగుతున్నట్టు పట్టుకుంది.

“ఇంకెవరన్న మాట్లాడేదుందా?” అడిగాడు పరమేష్ సార్.

సనా బ్యాగు తీసుకుని, బెంచీల మధ్య నుంచి నడిచి బయటకు వెళ్లిపోయింది. ఆమెకు దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకున్నారే తప్ప ఒక్కరూ లేవలేదు.

సుధాకర్ పరమేష్ సార్ వైపు తిరిగి తృప్తిగా తల ఊపాడు.

“చూశారా సార్, మీ స్టాఫంతా ఎంత తొందరగా నేర్చేసుకున్నారో.”