పుట అంచున వేలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలో స్కానింగ్ ఆపరేటర్ ఒక్కడే మిగిలాడు. చేతిలోని పుస్తకం తెల్లవారేసరికి నెట్‌లోకి ఎక్కాలి. నలభయ్యో పుట తెరమీదికి రాగానే అతని చెయ్యి ఆగిపోయింది. పుట అంచును ఎవరిదో బొటనవేలు నొక్కిపట్టి ఉంది.

కాపలాదారు తొంగిచూశాడు. "పుస్తకంతో పాటు వేలు కూడా ఎక్కిస్తున్నావేంటన్నా?"

"నాదే. పొరపాటున పడింది."

"నీ వేలికి ఇన్ని ముడతలెప్పుడొచ్చాయి? పెళ్లయ్యాకా?" నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆపరేటర్ వేళ్లకు నీలం రబ్బరు తొడుగులున్నాయి. అదే పుటను మళ్లీ స్కాన్ తీశాడు. ఈసారి వేలు రెండు పంక్తుల మీదికి జరిగింది.

ఆ పుస్తకం రాసినాయన పోయి ఆరేళ్లే అయింది, హక్కులింకా ఇంటివాళ్లవే. నెట్‌లో పెట్టడానికి అనుమతి అడిగితే ఆయన భార్య ఉత్తరం రాసింది. "ఆయన వద్దన్నారు బాబూ. ఆ మాట నిలబెట్టండి." ఆపరేటర్ దాన్ని చదివి, మడిచి, సొరుగు అడుగున పడేశాడు. ఈ నెల పుస్తకాల సంఖ్య తగ్గకూడదని, అనుమతుల పత్రంలో "హక్కుదారులు దొరకలేదు" అని రాసి సంతకం పెట్టాడు. పోయిన వారం ఆవిడ కూడా పోయిందని విని, లోలోపల తేలికపడ్డాడు.

ఇప్పుడు తల దించుకుని, ఖాళీ గదిలో మెల్లగా అన్నాడు. "ఉత్తరం అందిందమ్మా. చదివాను కూడా."

అతను మీట నొక్కలేదు. అయినా స్కానర్ దీపం వెలిగి, కెమెరా టక్కుమంది. తెరమీద ఒక్క అక్షరమూ కనపడలేదు. పుటంతా పరుచుకుని ఒక ముసలి అరచెయ్యి, ఇచ్చెయ్యమన్నట్టు చాచి ఉంది.