వెన్నలాంటి చెయ్యి

“సబ్బు కూడా అక్కర్లేదమ్మా! చిన్నపిల్లల గాజులు కూడా జారిపోతున్నాయి,” అంది గాజుల ముంతాజ్, నాగశ్రీ అరచేతిని నొక్కి మడుస్తూ.

నందిగామలో ఆ ఇంటి సీమంతాలన్నిటికీ గాజులు తొడిగేది ఆమే.

“మా పుట్టింటి చెయ్యి వచ్చింది నా కూతురికి,” అని మురిసిపోయింది వసుంధర.

“అవునమ్మా. మీ తమ్ముడు రాంబాబు గారిదీ ఇదే చెయ్యి. చిన్నప్పుడు నా గాజులన్నీ ఎక్కించుకుని ఆడేవారు, పాపం!”

వసుంధర నవ్వు ఆగిపోయింది.

పోయిన వేసవిలో కడుపులో రక్తనాళం చిట్లి తమ్ముడు పోయినప్పుడు డాక్టరు అడిగాడు. “ఇది కొల్లాజెన్ జీన్‌లో లోపమమ్మా. రక్తనాళాలకు బలం ఉండదు. ఆడవాళ్లకైతే కాన్పు ప్రమాదం. మీ ఇంట్లో వేళ్లు వెనక్కి వంగేవాళ్లు, ఊరికే కమిలిపోయేవాళ్లు ఉన్నారా?”

“అట్లాంటి జబ్బు మాలో ఎవరికీ లేదండీ,” అని తనే చెప్పింది. మెత్తటి చెయ్యిని జబ్బని ఎవరనుకుంటారు?

ముంతాజ్ పట్టు వదిలిన మణికట్టు మీద ఆమె వేళ్ల గుర్తులు ఊదారంగులో తేలుతున్నాయి.

“నొప్పేం లేదులేమ్మా, నాకెప్పుడూ ఇంతేగా,” అంది నాగశ్రీ.

ముంతాజ్ ఆమె నిండు కడుపు మీద చెయ్యేసి దీవించబోయింది. “పుట్టే బిడ్డకీ ఈ చెయ్యే రావాలి త...”

వసుంధర గబుక్కున ఆమె నోరు మూసేసింది.