బూటులో పొక్కు

“బిడ్డా, గా బూటు ఒక్కసారి ఇప్పి సూసుకోరాదు?”

డిచ్‌పల్లి రోడ్డు మీద ఈరవ్వ చాయ్ డబ్బా ముందు సైకిల్ ఆపిందో లేదో, బెంచీ మీది ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడు.

జ్యోతిరాణికి ఒళ్లు మండింది. వారం నుంచీ ఇదే పాట!

నిజామాబాద్‌లో టీచరు ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. అయినా పంతం పట్టి ఏడాదిగా ట్రయాథ్లాన్‌కు తయారవుతోంది. ఈత, సైకిల్, పరుగు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేయాలి. పోటీ ఇంకా పన్నెండు రోజులే ఉంది.

“కుంటుతున్నవ్ గద, నొస్తలేదా?”

“నొస్తే నొయ్యని తాతా. ఓర్చుకునుడే మా ట్రైనింగ్. నొప్పంత మనసుల ఉంటది.”

“మనసుల కాదు బిడ్డా, మడిమెల ఉన్నది.”

“పొద్దంత బెంచీ మీద కూసుంటవ్. నొప్పి సంగతి నీకేం ఎరుక?”

ముసలాయన తన పాదం వైపు చూసుకున్నాడు.

“నిజమే బిడ్డా” అన్నాడు.

నోరు మూయించానన్న సంబరంతో ఆమె లేసులు ఇంకా బిగించి కట్టుకుని, సైకిల్ అక్కడే వదిలి పరుగు అందుకుంది.

నాలుగో రోజుకు మడమ చీము పట్టింది. ఒళ్లు కాలిపోయే జ్వరం.

“పొక్కు వచ్చిననాడే చూసుకుంటే రెండు రోజుల్లో మానేది కదమ్మా” అన్నాడు డాక్టరు.

పోటీ రోజున జ్యోతిరాణి కాలు దిండు మీద పెట్టుకుని, పిల్లల ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడాది కష్టం మంచం మీదే ముగిసిపోయింది.

కాలు మానాక ఒక ఆదివారం స్కూటీ మీద డబ్బా దగ్గరికి వెళ్లింది. ముసలాయన ముందు తప్పు ఒప్పుకుంటే గాని మనసు కుదుటపడేలా లేదు.

“గీ బెంచీ మీద కూసునే దశరథమా? పది దినాలాయె బిడ్డా. నిద్రలనే పానం పోయింది” అంది ఈరవ్వ.

జ్యోతిరాణి బెంచీ మీద కూలబడింది.

“సైకిల్ బిడ్డ కాలెట్లున్నదో అని రోజూ అడిగెటోడు.”

“నా కాలు మీద ఆయనకెందుకవ్వా గంత ఆరాటం?”

ఈరవ్వ స్టవ్వు మంట తగ్గించింది.

“పడుసుతనంల కుష్టొచ్చి, కాళ్లు మొద్దుబారి గీ డిచ్‌పల్లి దవాఖానల చేరిండు. ఓనాడు ముల్లు దిగితే తెల్వనే తెల్వక మూడు దినాలు గట్లనే నడిచిండు, సగం పాదం పోయింది. రోగమైతే నయమైంది గని బిడ్డా, నొప్పి మాత్రం సచ్చేదాక తిరిగి రాలే.”